రెండో మైసమ్మ

ఆ సాయంత్రం చెక్కింట్లో ఉన్నది వీళ్లు. వంటగదిలో మిరపకాయ బజ్జీలు వేస్తూ మా అమ్మ నిర్మల. అడవివైపు గోడంత అద్దం ముందు సోఫాలో, ఆరాంఘర్ నుంచి వచ్చిన జగదీశ్ గారూ ఆయన భార్యా. ఒక్కచోట కుదురుగా కూర్చోని వాళ్ల పాప చిన్నీ. అద్దం పక్కన ఫోను పట్టుకుని ఆ ఇంటి యజమాని హరిప్రసాద్ సారు. తలుపు దగ్గర మా బాపు.

మా నాయనమ్మ సక్కుబాయి ఆ రోజు అక్కడ లేదు. ఆమె పాత చీర మాత్రం ఉంది. దాన్ని నేను కట్టుకుని ఉన్నాను. నేను ఇంట్లో లేను, బయట ఉన్నాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. గుడ్డెలుగు, అదే ఎలుగుబంటి, నన్నేమీ చేయలేదు. ఈ సంగతి విన్న ప్రతివాళ్లూ మొదట అదే అడుగుతారు. అడిగి నా చేతులవైపు, మొహంవైపు చూస్తారు. చిన్న గీత కూడా పడలేదు. ఇప్పుడు మేం శంషాబాద్‌లో, పెద్దరోడ్డు వెనక సందులో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్నాం. నేను ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. బాపుకి గోదాములో పని దొరికింది. రాత్రి తలుపు గడియ అమ్మ వేస్తుంది. అమ్మ లేనినాడు నేను వేస్తాను. బాపు వేయడు.

పదో తరగతి పరీక్షలు అయిపోయాక నేనూ అమ్మా నాయనమ్మా ఆ గుట్టకు చేరాం. అప్పటిదాకా కందుకూరు దగ్గర మా ఊళ్లో, పెదనాయన ఇంటి ముందరి గదిలో ఉండేవాళ్లం. ఆ గదిలో మా మంచం ఒకవైపు, వాళ్ల ఎరువు బస్తాలు ఒకవైపు. ఎవరైనా చుట్టం వస్తే పెద్దమ్మ, ఇది మా స్టోర్ రూము అని చెప్పేది. మేం అక్కడే కూర్చుని ఉన్నా అలాగే చెప్పేది. బాపు అంతకుముందు విమానాశ్రయంలో సామాన్ల బండ్లు తోసేవాడు. కాంట్రాక్టరు మారి ఆ పని పోయింది. గుట్ట మీద వాచ్‌మన్ పని దొరికిందని తెలిసిన రోజు అమ్మ పెదనాయన ఇల్లంతా ఊడ్చి, గిన్నెలన్నీ తోమి, ఎవరికీ ఏమీ బాకీ లేదన్నట్టు బయటికి వచ్చింది.

శంషాబాద్‌కూ కందుకూరుకూ నడుమ, తారు రోడ్డు దిగి మట్టిరోడ్డు పట్టుకుంటే ఆ గుట్ట వస్తుంది. చుట్టూ బండలు, ఈతచెట్లు, సీతాఫలం పొదలు. వెనక అడవి. గుట్ట మీద హరిప్రసాద్ సారు ఒక చెక్క ఇల్లు కట్టించాడు. చలిదేశాల్లో మంచు జారిపోవడానికి కట్టే వాలు కప్పు దానికి ఉంది. మా దగ్గర కురిసేది ఎండే. గోడలు చెక్క, నేల చెక్క, అడవివైపు గోడ మొత్తం ఒకటే అద్దం. పట్నం వాళ్లు శనివారం వచ్చి సోమవారం పొద్దున వెళ్లిపోయేవారు. విమానాలు ఆ కప్పు మీది నుంచే దిగేవి. చక్రాలు బయటికి వచ్చే చప్పుడు కూడా వినిపించేది. గుట్ట కింద రేకుల గది మాది.

మేం చేరేసరికే అక్కడ కష్టకాలం నడుస్తోంది. హోలీ ముందర వచ్చినవాళ్లెవరో చెత్తడబ్బా దగ్గర గుడ్డెలుగును చూశారట. చూసి, ఫోన్లో అందరూ చదివేచోట రాసిపెట్టారు. అప్పటినుంచి ఒక్కరూ రావడం లేదు. ఎండలు ముదిరాక ఒకరోజు హరిప్రసాద్ సారు వచ్చి రేకుల గది ముందు నిలబడ్డాడు. ఆయన ఏనాడూ గొంతు పెంచేవాడు కాదు.

"పాండూ, వానలు పడేదాకా చూస్తాను. అప్పటికీ జనం రాకపోతే మూసేసి అమ్మేస్తాను. నిన్ను ఉంచుకోవడం నా వల్ల కాదు. ఏమీ అనుకోవద్దు."

బాపు ఏమీ అనుకోలేదన్నట్టు తల ఊపాడు. లోపల అమ్మ బియ్యం చెరుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

అప్పుడే సారు ఇంకో సంగతి చెప్పాడు. మా అందరినీ పైకి వెళ్లి చెక్కింట్లో ఉండమన్నాడు. సాయంత్రమయ్యేసరికి అన్ని లైట్లూ వేసి ఉంచాలి. రోడ్డు మీద వెళ్లేవాళ్లకు గుట్ట మీద మనుషులున్నట్టు కనిపించాలి. ఇల్లు చూసుకోవడానికి ఎవరైనా వస్తే మేం కూడా కిరాయికి దిగినవాళ్లమే.

"మమ్మల్ని జూస్తే అట్ల అనిపిస్తదా సార్?" అన్నాడు బాపు.

మరుసటిరోజు సారు బాపుకి ఇంగ్లీషు అక్షరాల టీషర్టు, మోకాళ్లదాకా వచ్చే నిక్కరు, అమ్మకు కొత్త చుడీదారు పంపించాడు. నిక్కరు వేసుకుని బాపు అద్దం ముందు నిలబడితే నాయనమ్మ చాలాసేపు చూసి, బడికి పోతున్నవా కొడకా అంది. అమ్మ నవ్వాపుకోలేక వంటగదిలోకి వెళ్లిపోయింది. అమ్మ అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

ఆ ఇంట్లో మేం ఉన్న రోజులు అమ్మకు పండుగే. ఆమె బాత్రూములోకి వెళ్లి గడియ పెట్టుకుని ఊరికే కూర్చునేది. ఎవరూ పిలవని చోటు అదొక్కటే అనేది. స్నానాల తొట్టిలో మామిడికాయలు కడిగింది. బయట ఒరిగి కూర్చునే కుర్చీల మీద ముక్కలు ఆరబెట్టింది. వానలు పడేలోపు కిరాయిదార్లు వచ్చేస్తే ఈ కొలువు నిలుస్తుందని, కొలువు నిలిస్తే తొక్కు జాడీ పెదనాయన ఇంటికి మోసుకెళ్లే పని ఉండదని లెక్కేసుకునేది. నాయనమ్మకు మాత్రం ఆ ఇల్లు నచ్చలేదు. అగ్గిపెట్టెలో పడుకున్నట్టుంది అంటూ పరుపు వదిలేసి గడప దగ్గర చాప వేసుకునేది.

ఇల్లు చూసుకోవడానికి వచ్చినవాళ్ల ముందు నేను అరుగు మీద పుస్తకం పట్టుకుని కూర్చోవాలి. ఒకావిడ నా పక్కన కూర్చుని ఏ కాలేజీ అమ్మా అని అడిగింది. పుస్తకం మూసేశాను. లేచి లోపలికి వెళ్లిపోయాను. తిడతాడనుకున్నాను గానీ బాపు, నువ్వు మాట్లాడకుంటేనే మంచిది బిడ్డా, మాట్లాడితే దొరికిపోతం అన్నాడు. నా సిగ్గు ఒకరికి పనికి రావడం అదే మొదటిసారి. డైరీలో రాసుకున్నాను కూడా.

ఆ ఇంటి వెనక, అద్దంలోంచి చూస్తే దూరంగా, ఈతచెట్ల మొదట్లో ఒక బండ ఉంది. దానికి పసుపు, కుంకుమ. అది గుట్ట మైసమ్మ. గొర్లకాపరులు పెట్టుకున్న చోటు. నాయనమ్మ పుట్టిల్లు అచ్చంపేట అవతల అడవి అంచున. ఆమెకు గుడ్డెలుగుల సంగతి తెలుసు. వచ్చిన మొదటి వారంలోనే ఆమె మైసమ్మకు మొక్కుకుంది. వానలు పడేదాకా రోజూ పొద్దు వాలేటప్పుడు బెల్లపన్నం పెడతానని, తన కొడుకు కొలువు నిలబెట్టమని, అడవి జీవాలను ఇంటివైపు రానివ్వొద్దని. మైసమ్మ కడుపు నిండితే తన బిడ్డలను తనకాడనే ఉంచుకుంటదని ఆమె నమ్మకం.

మోదుగాకు విస్తరిలో అన్నం పెట్టి, చెంబుతో నీళ్లు చల్లి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసేది. పొద్దున వెళ్తే విస్తరి కడిగినట్టు ఉండేది. అది చూసి నాయనమ్మ మొహం ఎంత వెలిగేదో. అమ్మ తిన్నది, మెతుకు ఇడువలేదు అని అందరికీ చెప్పేది.

ఒకరోజు ఆమె చెంబు అక్కడే మరిచిపోతే తేవడానికి నేను వెళ్లాను. ఇంకా వెలుగుంది. బండ దగ్గరికి రాకముందే, బోరు మోటారు నీళ్లు లేక గాలి పీల్చినట్టు ఒక చప్పుడు. ఈతపొద పక్కన ఆగిపోయాను. నల్లటి వెంట్రుకల కుప్ప ఒకటి విస్తరి మీదికి వంగి ఉంది. వీపు మీద పిల్ల, బొచ్చు గట్టిగా పట్టుకుని. తల్లి తలెత్తితే రొమ్ము మీద తెల్ల గుర్తు, తెల్లటి పొడుగు మూతి, మూతికి అన్నం. దానికి నేను కనిపించలేదో, కనిపించినా అక్కర లేకపోయిందో. అన్నం అయిపోగానే తిరిగి బండలమీదుగా వెళ్లిపోయింది. పిల్ల మాత్రం వెనక్కి తిరిగి చూస్తూ పోయింది.

ఇంటికి వచ్చి నాయనమ్మకు చెప్పాను. అన్నం తింటున్నది మైసమ్మ కాదని, దాన్ని మనమే రోజూ పిలుస్తున్నామని. ఆమె వక్క నములుతూ విన్నది. కోపం రాలేదు.

"మైసమ్మ ఏ నోటితోని తింటదో నీకెరుకనా బిడ్డా?" అంది.

 బాపు ఇంటి పక్కన నీళ్ల తొట్టి నింపుతుంటే ఆయనకు చెప్పాను. ఆయన పైపు మూతిని బొటనవేలితో మూశాడు. ఆ తర్వాత, సారుకు చెప్పకు అన్నాడు. నాయనమ్మ అన్నం పెట్టడం ఆపేస్తే అది రాదు కదా అన్నాను. మొక్కు ఆపమని అవ్వకు నువ్వు చెప్తవా అని అడిగాడు. నేను చెప్పలేనని ఇద్దరికీ తెలుసు.

మే నెల నడిమిలో ఒక జంట వచ్చారు. గుడ్డెలుగు ఉంటే ఇంకా మంచిది అన్నారు. మేం గబగబా సామాను సర్దుకుని రేకుల గదికి దిగిపోయాం. కుర్చీల మీద మామిడి ముక్కలు రెండు మిగిలిపోయాయని అమ్మ బెంగపడింది. ఆ సాయంత్రం వాళ్లు అద్దంలోంచి వీడియో తీశారు. వంగిపోయిన ముసలమ్మ ఒకామె విస్తరి పెట్టి నడిచి వెళ్లిపోవడం, కాసేపటికి పొదలోంచి నల్లటి తల్లి పిల్లను వీపు మీద పెట్టుకుని రావడం, తినడం. ప్రసాదం తినే ఎలుగుబంటి అని పేరు పెట్టారు. రెండు రోజుల్లో మా ఊళ్లో పెద్దమ్మ ఫోనులోకి కూడా అది వచ్చిందట. మన అత్త సినిమా యాక్టరయింది గదనే అని అమ్మకు ఫోను చేసి నవ్వింది.

ఆ వారం నుంచి చెక్కిల్లు ఖాళీగా లేదు. శని, ఆదివారాలే కాదు, అన్ని రోజులూ. హరిప్రసాద్ సారు మిఠాయి డబ్బా తెచ్చాడు. బాపు భుజం మీద చెయ్యి వేశాడు. నాయనమ్మను అమ్మగారూ అని పిలిచాడు. ఇగ కొలువుకు ఢోకా లేదని బాపు ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. వీడియో చూసి అటవీశాఖ వాళ్లు కూడా వచ్చారు. బయట ఎక్కడా తినేది పెట్టొద్దని, పిల్లతల్లి ఊరికే ఉండదని, ఒక్కసారి మనిషి దగ్గరికి అలవాటైతే దానికీ మనకూ మంచిది కాదని నెమ్మదిగా చెప్పారు. సారు వాళ్లకు చాయ్ ఇప్పించి, తప్పకుండా అన్నాడు.

మరునాడు ట్రాలీ ఆటోలో ఒక రాయి వచ్చింది. దాన్ని అద్దం ముందర, కాస్త దూరంలో పాతారు. పాత బండ దగ్గర చీకటిగా ఉంటుందని, వీడియోలు సరిగ్గా రావడం లేదని, అందుకే ఇది. పచ్చగా, నడుమ ఎర్రటి బొట్టుతో, మెడలో నిమ్మకాయల దండతో. చుట్టూ చిన్న లైట్లు. అటవీశాఖ వాళ్లు మళ్లీ వస్తే ఇది గుడి, మేం పెట్టేది నైవేద్యం అని చెప్పొచ్చని సారు ఆలోచన.

నాయనమ్మను పిలిపించి చూపించాడు.

"అమ్మగారూ, రేపటినుంచి ఇక్కడ పెట్టండి. మీకూ అంత దూరం నడక తప్పుతుంది."

నాయనమ్మ ఆ రాయి చుట్టూ ఒకసారి తిరిగింది. బొటనవేలితో రుద్దింది. వేలు వాసన చూసింది. అది పసుపు కాదు, పెయింటు.

"ఈమెను ఎవరు పిలిచిన్రు సారూ?"

సారుకు అర్థం కాలేదు. నవ్వాడు.

"మైసమ్మ పిలిస్తే రాదు. ఉన్నకాడ ఉంటది. మనమే పోవాలె," అని చెప్పి ఆమె గుట్ట దిగి వచ్చేసింది.

కింద రేకుల గదిలో బాపు ఆమెను బతిమాలాడు. తిట్టలేదు. వాళ్ల మధ్య నేను కూర్చుని ఉల్లిగడ్డలు ఒలుస్తున్నాను. రాయే గద అవ్వా అన్నాడు. జర నా ముఖం చూసి పెట్టు అన్నాడు. చివరికి, ఈ కొలువు పోతే మల్ల అన్న గడపకే పోవాలె, నిర్మల మొకం జూడు అన్నాడు. అమ్మ గోడవైపు తిరిగి నిలబడింది.

"పోదాం," అంది నాయనమ్మ. "ఆని గడప మీద మాటలు పడత గని, అమ్మ పేరు మీద ఎర ఎయ్య."

 తెల్లవారి ఆమె మూట కట్టుకుని, మొదటి బస్సుకు పెదనాయన ఊరికి వెళ్లిపోయింది. బాపు బస్సు దాకా మూట మోశాడు. ఉతికి దండెం మీద ఆరేసిన ముదురాకుపచ్చ చీర ఒకటి ఇక్కడే ఉండిపోయింది. మరిచిందో, వదిలిందో నేను ఎప్పుడూ అడగలేదు.

ఆ రోజు నుంచి కొత్త రాయి ముందు బాపు అన్నం పెట్టాడు. గుడ్డెలుగు రాలేదు. మరునాడూ రాలేదు. బాపు దగ్గర బీడీ వాసన, జనరేటరు డీజిలు వాసన. వచ్చినవాళ్లు అద్దం ముందు ఫోన్లు పట్టుకుని కూర్చుని, విసుక్కుని, ఎలుగుబంటి ఉందని అబద్ధం చెప్పారని సారుతో గొడవ పెట్టుకున్నారు. రెండు నెలల కింద అది ఉందని గొడవ.

మూడోనాడు సారు రేకుల గది ముందు నిలబడి దండెం మీది చీరవైపు చూశాడు. అది అమ్మగారి వాసనకు అలవాటు పడింది అన్నాడు. ఆ తర్వాత నావైపు చూశాడు. నేను నాయనమ్మ అంతే ఎత్తు. సన్నగా ఉంటాను. నడిచేటప్పుడు తల వంచుకుని నడుస్తాను.

అమ్మ గిన్నె కింద పెట్టి, పదో తరగతి పిల్ల సార్ అది అంది. నేను పెడత అంది. మీరు వంటలో లేకపోతే ఎలా అన్నాడు సారు. అయినా ఇన్నాళ్లూ పెద్దావిడే పెట్టిందిగా, ఏమైంది అన్నాడు. అది నిజమే. బాపు మాట్లాడతాడేమోనని నేను చూశాను. ఆయన కింద రాలిన ఈతపండు ఒకటి చెప్పుతో దొర్లిస్తూ నిలబడ్డాడు.

సారు వెళ్లాక బాపు నన్ను నీళ్ల తొట్టి దగ్గరికి పిలిచాడు.

"వానలు పడేదాకనే బిడ్డా. అవ్వ మొక్కింది గూడ గప్పటిదాకనే గద. నేను తలుపు కాడనే ఉంట. తలుపు తెరిచే ఉంచుత. నువ్వు పెట్టంగనే లోపలికి వచ్చెయ్యి."

సరే బాపు అన్నాను. ఇంట్లో నేను దేనికైనా సరే అనే అంటాను.

చీరకు నాయనమ్మ వాసన పోలేదు, ఉతికినా. వక్కపొడి, కర్పూరం. అమ్మ పిన్నీసు నోట్లో పట్టుకునే నాకు కుచ్చిళ్లు పెట్టింది. మొదటి సాయంత్రం నేను విస్తరి పెట్టి, మెట్లెక్కి, తెరిచి ఉన్న తలుపులోంచి బాపు చేతి కిందుగా లోపలికి దూరాను. కాసేపటికే అద్దం ముందు కూర్చున్నవాళ్లు ఊపిరి బిగబట్టారు. అది వచ్చింది. పాత బండవైపు నుంచే వచ్చి, అక్కడ ఆగి వాసన చూసి, కొత్త రాయి దాకా నడిచి వచ్చింది. ఇంత దగ్గరగా దాన్ని అద్దంలోంచి చూడటం నాకూ మొదటిసారి. పిల్ల కాస్త పెరిగింది. సారు నా వంక చూసి బొటనవేలు పైకెత్తాడు.

అప్పటినుంచి రోజూ. అన్నంలో తేనె కూడా వేయించేవాడు సారు. డైరీలో ఎక్కువ రాసేదాన్ని కాదు. వచ్చింది అని ఒక్క ముక్క రాసి మూసేసేదాన్ని. అది రోజురోజుకూ తొందరగా రావడం మొదలుపెట్టింది. ఒకనాడు నేను మెట్లు ఎక్కకముందే పొద కదిలింది. బాపు చెయ్యి చాచి నన్ను లోపలికి లాగాడు. 

ఒకరోజు మధ్యాహ్నం పెదనాయన ఫోనుకు చేసి నాయనమ్మతో మాట్లాడాను. తిన్నవా, ఎండ ఎట్లుంది అని అడిగింది. ఆ తర్వాత, నువ్వే పెడుతున్నవా అంది. నేను ఊఁ అనలేదు, కాదనలేదు.

"ఉరుకకు బిడ్డా," అంది. "దానికి కండ్లు మందం, ముక్కు సురుకు. ఉరికితే ఎంబడి పడతది. నిలవడితే దాని పని అది జూసుకుంటది. గని వానొచ్చిననాడు పోకు. వానకు ఉసిళ్లు లేస్తయి. గవి తినెతందుకు అది ఎటుకెల్లి వస్తదో మైసమ్మకు గూడ ఎరుక లేదు."

ఈ మాట బాపుకి చెప్పాను. వానొస్తే ఇగ మన పని గూడ అయిపోయినట్టే బిడ్డా అన్నాడు. ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు.

జూన్ మొదట్లో ఆ రోజు పొద్దటినుంచి ఉక్క. మధ్యాహ్నం జగదీశ్ గారు భార్యను, పాపను తీసుకుని వచ్చారు. చిన్నీ రాగానే ఇల్లంతా పరుగులు పెట్టింది. వంటగదిలోకి వచ్చి అమ్మ కొంగు పట్టుకుని, ఎలుగుబంటి బజ్జీలు తింటదా అని అడిగింది. నన్ను చూసి, అక్కా నువ్వు ముసలమ్మవా అంది. నేను ఇంకా చీర కట్టుకోలేదు గానీ, వీడియో చూపించి ఎవరో చెప్పి ఉంటారు. ఆ పిల్ల అంటే నాకు ఇష్టమే కలిగింది. ఆమెతో నేను మాట్లాడాను కూడా.

నాలుగింటప్పుడు వాన మొదలైంది. ఆ ఏడు మొదటి వాన. చెక్క కప్పు మీద పెద్ద చప్పుడు. విమానాలు కాసేపు దిగలేదు. వాన ఎంత గట్టిగా వచ్చిందో అంత తొందరగానే వెలిసింది. అడవివైపు నుంచి మట్టివాసన, తర్వాత పడమట పచ్చటి వెలుతురు. అమ్మ కుచ్చిళ్లు పెడుతుంటే నేను తలుపు దగ్గరున్న బాపుతో అన్నాను.

"నాయనమ్మ వానొస్తే పోవద్దన్నది బాపు."

బాపు సారు దగ్గరికి వెళ్లి నెమ్మదిగా ఏదో చెప్పాడు. సారు చేతి గడియారం చూసుకుని, వాన ఆగిపోయిందిగా పాండూ అన్నాడు. వీళ్లు దీనికోసమే వచ్చారు, పొద్దున్నే వెళ్లిపోతారు అన్నాడు. బాపు తిరిగి వచ్చాడు.

"ఇయ్యాల ఒక్కరోజే. రేపటికెల్లి వద్దని నేనే చెప్త. తలుపు తెరిచే ఉంచుత."

అమ్మ పిన్నీసు పెట్టడం రెండుసార్లు తప్పింది.

నేను బయటికి వచ్చేసరికి అన్ని లైట్లూ వెలుగుతున్నాయి. గుట్ట మీద మనుషులున్నట్టు కనిపించాలని అప్పట్లో మొదలైన అలవాటు, ఎవరూ మాన్పించలేదు. అరుగు దీపాల చుట్టూ ఉసిళ్లు. చెరిగిన బియ్యంలోంచి పొట్టు లేచినట్టు లేచి, దీపానికి కొట్టుకుని, రెక్కలు రాల్చుకుని కింద పడుతున్నాయి. అరుగు రెండో కొసన కుప్పలు పడ్డాయి. చిన్నీ గడప దగ్గర నిలబడి రెండు చేతులా పట్టుకోవాలని ఎగురుతోంది. వాళ్లమ్మ లోపలికి రమ్మని పిలుస్తోంది. బాపు తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

కొత్త రాయి మీది రంగు వానకు కారి కిందికి జారింది. నేను విస్తరి పెట్టాను. నీళ్లు చల్లాను. పాత బండవైపు చూశాను. ఈతచెట్ల దగ్గర ఏమీ కదల్లేదు. తల వంచుకుని, నాయనమ్మలాగే, వెనక్కి నడిచాను.

మెట్ల దగ్గరికి వచ్చాక ఆ చప్పుడు వినిపించింది. బోరు గాలి పీల్చిన చప్పుడు. నా వెనక నుంచి కాదు. ఇంటివైపు నుంచి. అరుగు రెండో కొసన, దీపం కింద, అది ఉంది. నీళ్ల తొట్టి పక్కగా, గోడ వెంట వచ్చినట్టుంది. మూతి చెక్కలకు ఆనించి ఉసిళ్లను పీలుస్తోంది. పిల్ల వీపు మీది నుంచి దిగి అరుగు మీదే రెక్కలతో ఆడుతోంది.

నేను ఉరకలేదు. ఒక మెట్టు ఎక్కాను. ఇంకో మెట్టు. పైమెట్టు మీద నిలబడితే తలుపు నాకు మంచమంత దూరంలో ఉంది, తెరిచే ఉంది. లోపలి వెలుతురు నా కాళ్లదాకా పడుతోంది. బజ్జీల వాసన వస్తోంది. బాపు ఒక చేత్తో చిన్నీని ఎత్తి భుజానికి అదుముకున్నాడు. ఆ పిల్ల ఆయన భుజం మీది నుంచి, అదిగో అదిగో అని వేలు చూపిస్తోంది. లోపల వాళ్లమ్మ పెద్దగా ఏడుపు మొదలుపెట్టింది. ఏమైందని వంటగదిలోంచి అమ్మ గొంతు.

"పాండూ, తలుపు," అన్నాడు సారు.

గుడ్డెలుగు తలెత్తింది. నేను కుచ్చిళ్లు కొంచెం పైకి పట్టుకుని అరుగు మీద అడుగు పెట్టాను. బాపు నన్ను చూశాడు. ఉసిళ్లు మొహం మీద పడుతుంటే ఆయనకు నేను కనిపించలేదేమోనని తర్వాత అమ్మ అంది. బాపు నన్ను చూశాడు. నేనూ ఆయన్నే చూస్తున్నాను కాబట్టి నాకు తెలుసు.

ఆయన ఖాళీగా ఉన్న చెయ్యి తలుపు మీదికి వెళ్లింది. నా కాళ్ల మీది వెలుతురు చాపంత అయింది, అరచేయంత అయింది, దారమంత అయింది. లోపల గడియ పడింది.